కార్నియా లోపలి పొర మార్పిడి ఆపరేషన్: పదేపదే వచ్చే సందేహాలు

"కార్నియా లోపలి పొర పాడైంది, మార్చాలి" అని డాక్టర్ చెప్పి పంపాక ఇంట్లో తలా ఒక మాట మొదలవుతుంది. కన్ను తీసేసి ఇంకొకరి కన్ను పెడతారని ఒకరంటారు. శుక్లం ఆపరేషన్ లాంటిదే, రెండు రోజుల్లో పనిలోకి వెళ్లిపోవచ్చని ఇంకొకరంటారు. రెండూ తప్పే. కార్నియా విభాగంలో కౌన్సెలింగ్ చేస్తూ రోజూ వినే ప్రశ్నలనే అడిగినవాళ్ల మాటల్లోనే ఇక్కడ రాశాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. మీ కంటికి ఏది సరిపోతుందో తేల్చాల్సింది మాత్రం దాన్ని పరీక్ష చేసిన డాక్టరే.

## ఆపరేషన్ మాట వచ్చినప్పుడు

కన్ను మొత్తం తీసేసి వేరేవాళ్ల కన్ను పెడతారా?

లేదు. చూపు వచ్చేలా మొత్తం కన్ను మార్చే ఆపరేషన్ ప్రపంచంలో ఇంకా ఎక్కడా లేదు. కంటి నుంచి మెదడుకు వెళ్లే నరాన్ని కోసి మళ్లీ పనిచేసేలా అతికించడం ఎవరికీ సాధ్యం కాలేదు. ఇక్కడ మార్చేది కంటి ముందుభాగంలో అద్దంలా ఉండే కార్నియాలో అన్నిటికన్నా లోపల ఉండే పొర ఒక్కటే. కార్నియా మొత్తం మందమే సుమారు అర మిల్లీమీటరు. అందులో డీమెక్ అనే, లోపలి పల్చటి పొరను మాత్రమే మార్చే పద్ధతిలో మార్చే భాగం మిల్లీమీటరులో వందో వంతు, అంతకు కాస్త ఎక్కువ. కంటి రంగు మారదు, ఎందుకంటే రంగు కార్నియా వెనక ఉండే ఐరిస్‌ది, దాన్ని మార్చరు.

అంత పల్చటి పొర పాడైతే చూపు ఎందుకు మసకబారుతుంది?

ఆ పొర మీద ఎండోథీలియల్ కణాలు ఒకే వరసలో ఉంటాయి. కంటి లోపలి నీరు కార్నియాలోకి ఊరుతూ ఉంటే, ఈ కణాలు దాన్ని ఎప్పటికప్పుడు వెనక్కి తోడేస్తుంటాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఊరే నీటిని తోడే మోటారు లాంటివన్నమాట. మోటారు ఆగితే సెల్లార్ మునిగినట్టే, ఈ కణాలు తగ్గితే కార్నియా నీరు పట్టి ఉబ్బి, పారదర్శకత పోతుంది.

పెద్దవాళ్లలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 2000 నుంచి 2500 కణాలుంటాయి. మన శరీరంలో ఇవి మళ్లీ పుట్టవు. ఒకటి పోతే పక్కవి సాగి ఆ ఖాళీ కప్పుతాయి. లెక్క 500 దగ్గరకు పడిపోయేసరికి ఉన్నవాటికి ఆ పని శక్తికి మించినదవుతుంది. మొదట్లో పొద్దున్నే మసకగా ఉండి మధ్యాహ్నానికి తేటపడటం ఈ జబ్బు గుర్తు. రాత్రంతా రెప్పలు మూసుకుని ఉండటంతో కార్నియా మీది నీరు ఆవిరి కాదు. జబ్బు ముదిరితే పైపొర మీద నీటి పొక్కులు లేచి, అవి పగిలినప్పుడల్లా కంట్లో గుచ్చినట్టు నొప్పి, నీరు కారడం ఉంటాయి.

శుక్లం ఆపరేషన్ అయ్యాకే ఇలా అయింది. ఆ డాక్టర్ తప్పు చేసినట్టేనా?

అలా ముందే తేల్చేయకండి. శుక్లం తీసేటప్పుడు ఎవరికైనా కొన్ని కణాలు పోతాయి. కావలసినన్ని ఉన్నవాళ్లకు ఆ తేడా తెలియదు. ముందే ఫక్స్ డిస్ట్రోఫీ (ఈ కణాలు క్రమంగా తగ్గిపోయే జబ్బు) ఉన్నవాళ్లకు, శుక్లం బాగా ముదిరి రాయిలా గట్టిపడ్డాక వచ్చినవాళ్లకు అదే చాలా పెద్ద నష్టం. కొన్ని కేసుల్లో ఆపరేషన్‌లో వచ్చిన ఇబ్బంది కూడా కారణం కావచ్చు. శుక్లం ఆపరేషన్ అయిన వెంటనే వచ్చిన వాపు కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోవచ్చు కాబట్టి, సాధారణంగా డాక్టర్లు దాదాపు మూడు నెలలు చూసి అప్పుడు మార్పిడి మాట ఎత్తుతారు. పాత డిశ్చార్జి కాగితాలు పారేయకుండా తీసుకురండి. అందులో ఉన్న లెన్స్ వివరాలు చాలా పనికొస్తాయి.

నా కంట్లో పువ్వు ఉంది. పొరకు కుట్లు వేయని ఈ లోపలి పొర ఆపరేషన్ నాకూ చేస్తారా?

చేసినా ఉపయోగం ఉండదు. పువ్వు అంటే కార్నియా మధ్య పొరలో పడ్డ మచ్చ. లోపలి పొర మార్చినంత మాత్రాన ఆ మచ్చ పోదు. దానికి పూర్తి మందం కార్నియా గానీ, ముందుభాగం మాత్రమే గానీ మార్చాలి. కార్నియా కోసుగా పొడుచుకొచ్చే కెరటోకోనస్‌కు కూడా ఇది పనికిరాదు. ఇంకో సంగతి: నీరు పట్టిన కార్నియాను ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే మధ్య పొరలో మచ్చ పడుతుంది. అప్పుడు లోపలి పొర ఒక్కటీ మార్చి లాభం పొందే అవకాశం తగ్గుతుంది. నీటికాసుల (గ్లకోమా) వల్ల కంటి నరం, షుగర్ వల్ల రెటీనా (కంటి వెనక బొమ్మ పడే పొర) దెబ్బతిని ఉంటే, ఈ ఆపరేషన్‌తో నొప్పి తగ్గుతుంది గానీ పోయిన చూపు రాదు. ఆ మాట డాక్టర్‌ను ముందే సూటిగా అడగండి.

చుక్కల మందుతో నయం కాదా? ఊళ్లో పసరు పోస్తామంటున్నారు.

గాఢమైన ఉప్పునీటి చుక్కలు, రాత్రిపూట ఆయింట్‌మెంట్ కార్నియాలోని నీటిని కొంత బయటికి లాగుతాయి. జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లకు ఇవి కొన్నాళ్లు సాయపడతాయి. పొక్కుల నొప్పికి బ్యాండేజ్ కాంటాక్ట్ లెన్స్ పెడతారు. పోయిన కణాలను ఏ చుక్కల మందూ తిరిగి తీసుకురాలేదు.

పసరు, ఆముదం, చనుబాలు ఏవీ కంట్లో పోయొద్దు, పోయనివ్వొద్దు. ఉబ్బిన కార్నియా మీది పొర ఎప్పుడు ఎక్కడ చిట్లుతుందో తెలియదు. ఆ చిట్లిన చోట సూక్ష్మజీవులు చేరితే పుండు పడుతుంది. పొర మారిస్తే సరిపోయే కన్ను చివరకు పూర్తి మందం కార్నియా మార్చాల్సిన స్థితికో, అసలే పోయే స్థితికో వస్తుంది. ఇది మేం చేతులు జోడించి చెప్పే మాట.

మా పాపకు పుట్టినప్పటి నుంచి నల్లగుడ్లు రెండూ బూడిద రంగులో ఉన్నాయి. పెద్దయ్యాక చూపిద్దామా?

ఆగొద్దు. ఈ వారమే చూపించండి. పుట్టుకతో వచ్చే నీటికాసులలో కూడా నల్లగుడ్డు ఇలాగే మబ్బుగా కనిపిస్తుంది, అదైతే ఆలస్యమయ్యే కొద్దీ నరం చచ్చిపోతుంది. ఎండోథీలియల్ కణాలే పుట్టుకతో పనిచేయని జబ్బు ఇంకొకటి ఉంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపం ఉన్న జన్యువులు కలిసినప్పుడు ఇది వస్తుంది. అందుకే మేనరికాలు చేసుకునే కుటుంబాల్లో ఎక్కువ కనిపిస్తుంది. చిన్నతనంలో కంటికి స్పష్టమైన బొమ్మ అందకపోతే మెదడు ఆ చూపును నేర్చుకోదు, తర్వాత కార్నియా ఎంత బాగుచేసినా ఆ లోటు తీరదు. ఇప్పుడు పసిపిల్లలకు కూడా పూర్తి మత్తు ఇచ్చి లోపలి పొర మార్పిడి చేస్తున్నారు.

డీసెక్, డీమెక్ అంటున్నారు. ఖరీదైనదే మంచిదా?

1905లో ఇప్పటి చెక్ దేశంలో ఉన్న ఓలోమౌట్స్‌లో ఎడ్వర్డ్ జిర్మ్ మొదటిసారి విజయవంతంగా కార్నియా మార్చారు. ఆ తర్వాత దాదాపు శతాబ్దం పాటు, లోపలి పొర మాత్రమే పాడైనవాళ్లకూ మొత్తం కార్నియా కోసి, చుట్టూ కుట్లు వేసి మార్చాల్సి వచ్చేది. 1998 నుంచి నెదర్లాండ్స్ డాక్టర్ గెరిట్ మెల్లెస్ లోపలి పొరను విడిగా మార్చే పద్ధతులు తెచ్చారు. డీసెక్‌లో లోపలి పొరతో పాటు మధ్య పొరలోని కొంత భాగం కూడా వేస్తారు. 2006లో ఆయనే తెచ్చిన డీమెక్‌లో పల్చటి పొర, దాని మీది కణాలు, అంతే.

డీమెక్‌లో చూపు త్వరగా, మరింత తేటగా వస్తుంది, రిజెక్షన్ (శరీరం పరాయి పొర మీద తిరగబడటం) తక్కువ. కానీ అన్ని కళ్లకూ అది కుదరదు. నీటికాసులకు ట్యూబు వేసిన కన్ను, ఐరిస్ దెబ్బతిన్న కన్ను, రెటీనా ఆపరేషన్‌లో లోపలి జెల్ తీసేసిన కన్ను, బాగా మబ్బు కమ్మి లోపల ఏమీ కనపడని కన్ను: ఇలాంటి చోట కాస్త మందంగా ఉండే డీసెక్ పొరే సర్జన్ చేతికి నమ్మకంగా అమరుతుంది. ఆలస్యంగా వచ్చే కేసులు మన దగ్గర ఎక్కువ, కాబట్టి డీసెక్ కూడా ఎక్కువే. డీమెక్ కుదరదన్నారంటే మీకు తక్కువ రకం వైద్యం చేస్తున్నారని అనుకోవద్దు.

## దాత గురించి

బ్లడ్ గ్రూపు కలవాలి కదా? ఆడవాళ్లది మగవాళ్లకు వేయొచ్చా?

సాధారణంగా బ్లడ్ గ్రూపు చూడరు. ఆడ, మగ తేడా లేదు. ఐ బ్యాంకులో చూసేది కణాల లెక్క, పొర ఆరోగ్యం, దాత రక్తంలో హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ లాంటివి ఉన్నాయా అన్నది. దాతకు అద్దాలు ఉన్నా, శుక్లం ఉన్నా, బీపీ ఉన్నా అడ్డంకి కాదు.

ముసలివాళ్ల పొర వేస్తారట. మాకు కుర్రవాళ్లది కావాలని అడగొచ్చా?

డీమెక్‌కు పెద్దవయసు దాతల పొరే మేలని సర్జన్లు అంటారు. ఈ పొరను విడదీయగానే అది చుట్ట చుట్టుకుపోతుంది. చిన్నవయసు దాత పొర మరీ బిగుతుగా చుట్టుకుని, కంటి లోపల విప్పడానికి ఎంతకీ లొంగదు. ఎక్కువసేపు తిప్పలు పడితే ఆ పనిలోనే కణాలు పోతాయి. 60 దాటిన దాత పొర వదులుగా ఉండి త్వరగా పరుచుకుంటుంది. దాత వయసు కన్నా ఆ పొర మీద ఎన్ని కణాలు బతికున్నాయన్నదే ముఖ్యం.

ఇంట్లోవాళ్లం మా కన్నే ఇస్తాం, లేదా డబ్బిచ్చి తెచ్చుకుంటాం. వీలవుతుందా?

రెండూ కుదరవు. బతికున్నవాళ్ల నుంచి కార్నియా తీసుకోరు, మరణం తర్వాతే తీసుకుంటారు. అవయవాలు, కణజాలాలు కొనడం, అమ్మడం 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నేరం. బిల్లులో కనిపించేది సేకరణ, పరీక్షలు, భద్రపరచడానికి అయిన ఖర్చు. ఎవరైనా "ముందు వరసలో పెట్టిస్తా" అని డబ్బు అడిగితే ఇవ్వకండి, హాస్పిటల్‌కు చెప్పండి.

ఆపరేషన్ డేట్ ఇచ్చి చివరి నిమిషంలో వాయిదా వేశారు. ఇదేం పద్ధతి?

ఉపవాసం ఉండి, ఊరి నుంచి బండి కట్టించుకుని వచ్చాక ఆ మాట వినడం ఎంత బాధో మాకు తెలుసు. కానీ కార్నియా ముందే తెచ్చి నిల్వ పెట్టుకునే సరుకు కాదు. మరణించిన ఆరు గంటల్లోపు సేకరించాలి. కార్నియాను భద్రపరచడానికి మన దేశంలో ఎక్కువగా వాడే ఎంకే అనే ద్రావణంలో నాలుగు రోజులే ఉంటుంది. ఖరీదైన ద్రావణాలైతే రెండు వారాల వరకు ఆగుతాయి. సేకరించాక రక్త పరీక్షలో ఏదైనా బయటపడినా, కణాల లెక్క చాలకపోయినా, పొర విడదీస్తుండగా చిరిగినా దాన్ని పక్కన పెట్టేస్తారు. మీ కంట్లో పనిచేయని పొర వేయడం కన్నా వాయిదాయే నయం.

## ఆపరేషన్ రోజు

పూర్తి మత్తు ఇస్తారా? నొప్పి ఉంటుందా?

పెద్దవాళ్లకు ఎక్కువగా కన్ను వరకే మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. మెలకువగా ఉంటారు, మాటలు వినిపిస్తాయి, నొప్పి తెలియదు. పిల్లలకు, కదలకుండా ఉండలేనివాళ్లకు పూర్తి మత్తు. దగ్గు, ఆయాసం, వెల్లకిలా పడుకోలేకపోవడం ఉంటే ముందు రోజే చెప్పండి. మొహమాటపడి దాచొద్దు.

కుట్లు వేయకుండా పొర ఎలా నిలుస్తుంది? జిగురు పెడతారా?

జిగురు లేదు, గాలే ఆధారం. ముందు పాడైన పొరను కార్నియా వెనక నుంచి సుమారు ఎనిమిది మిల్లీమీటర్ల గుండ్రంగా గీకి తీస్తారు. దాత పొర రంగులేనిది, కనపడదు. అందుకే డీమెక్‌లో దానికి నీలం రంగు అద్దుతారు. చుట్ట చుట్టుకున్న ఆ నీలం పొరను సన్నటి గొట్టంలోంచి, సుమారు మూడు మిల్లీమీటర్ల గాటు గుండా కంట్లోకి వదులుతారు. ఇక అసలు పని మొదలవుతుంది. సర్జన్ పొరను పట్టుకోరు, పట్టుకుంటే కణాలు చస్తాయి. కార్నియా మీద బయటి నుంచి పరికరంతో మెల్లగా తడుతూ, లోపలి నీటి కదలికతోనే ఆ చుట్ట విప్పుతారు. తిరగబడి పరుచుకుంటే పొర పనిచేయదు కాబట్టి ఏ వైపు పైకుందో తెలియడానికి దాని మీద ముందే ఒక అక్షరం ముద్ర వేసి ఉంచడం కూడా ఉంది.

సరిగ్గా పరుచుకున్నాక దాని కింద గాలి బుడగ నింపుతారు. బుడగ పైకి తేలుతూ పొరను కార్నియాకు అదిమి పెడుతుంది. కొందరు గాలికి బదులు మరికొన్ని రోజులు నిలిచే ఎస్ఎఫ్6 గ్యాస్ కలిపి వాడతారు. గాటుకు ఒకటో రెండో కుట్లు వేస్తే వేస్తారు, పొరకు మాత్రం కాదు.

శుక్లం కూడా ఉంది. రెండూ ఒకేసారి చేయించుకోవచ్చా?

చాలామందికి ఒకేసారే చేస్తారు. పొర మార్చాక కంటి పవర్ కొంచెం ప్లస్ వైపు జరుగుతుంది, డీసెక్‌లో ఎక్కువ, డీమెక్‌లో తక్కువ. దాన్ని లెక్కలో పెట్టుకునే లెన్స్ పవర్ ఎంచుతారు.

## మొదటి వారం

వెల్లకిలా ఎంతసేపు పడుకోవాలి? బాత్రూంకు లేస్తే పొర జారిపోతుందా?

జారిపోదు. తినడానికి, బాత్రూంకు, చుక్కలు వేయించుకోవడానికి లేవొచ్చు. మిగిలిన సమయమంతా ముఖం పైకప్పు వైపు ఉండాలి. బుడగ ఎప్పుడూ పైకి తేలుతుంది కాబట్టి, ముఖం పైకి ఉంటేనే పొర మీద ఒత్తిడి ఉంటుంది. కూర్చుంటే బుడగ నుదుటి వైపు జరిగి పొర కింది అంచు వదులవుతుంది. పక్కకు తిరిగి పడుకోవడం, టీవీ కోసం తలగడలు ఎత్తుగా పెట్టుకోవడం కూడా అంతే. మొదటి రోజు చాలా కీలకం, తర్వాత ఇంకెన్ని రోజులో బుడగ సైజు చూసి డాక్టర్ చెబుతారు.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది చాలా ఉంది. పల్చటి తలగడ, నడుం నొప్పి ఉంటే మోకాళ్ల కింద దుప్పటి మడత, పక్కనే వంగే స్ట్రా ఉన్న నీళ్ల గ్లాసు. షుగర్ ఉన్నవాళ్లకు వేళకు తిండి. నానమ్మ ఒక్కతే గదిలో ఫ్యాను చూస్తూ పడుకుంటే గంటకే విసుగొచ్చి లేచి కూర్చుంటుంది. పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి, పాటలు పెట్టండి. ఈ ఒకటి రెండు రోజుల తోడు ఏ మందుకూ తీసిపోదు.

కట్టు విప్పారు, ఏమీ కనపడటం లేదు. ఫెయిలయినట్టేనా?

కాదు. కంట్లో గాలి ఉన్నంతసేపు చెయ్యి ఊపితే తెలియడం తప్ప పెద్దగా కనపడదు. బుడగ కరిగే కొద్దీ ఊగే గీతలా ఒకటి కనిపించి, రోజురోజుకూ చిన్నదవుతుంది. గాలైతే సాధారణంగా కొన్ని రోజుల్లో, గ్యాసైతే వారం, పది రోజుల్లో పోతుంది.

కానీ ఒకటి గుర్తుంచుకోండి. మొదటి రోజుల్లో కంట్లో, తలలో తీవ్రమైన నొప్పితో వాంతులైతే కంటి ప్రెషర్ పెరిగి ఉండొచ్చు. అర్ధరాత్రయినా హాస్పిటల్‌కు ఫోన్ చేయాలి, తెల్లారేదాకా ఆగొద్దు.

పొర ఒక పక్క ఊడింది, మళ్లీ గాలి ఎక్కించాలన్నారు. ఇక లాభం లేదా?

ఉంది. పొర అంచు కాస్త వదులవడం, ముఖ్యంగా డీమెక్‌లో, సర్జన్లు ఎదురుచూసే విషయమే. చిన్న అంచు అయితే దానంతటదే అతుక్కుంటుంది. పెద్దదైతే మళ్లీ గాలి నింపుతారు. కొద్ది నిమిషాల పని. అలా రెండోసారి గాలి ఎక్కించుకుని చక్కగా చూస్తున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వచ్చే వారం టికెట్ ఉంది. విమానం ఎక్కొచ్చా?

కంట్లో బుడగ పూర్తిగా కరిగిందని డాక్టర్ చెప్పేదాకా వద్దు. ఎత్తుకు వెళ్లేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గి బుడగ ఉబ్బుతుంది, కంటి ప్రెషర్ ప్రమాదకరంగా పెరుగుతుంది. కొండల పైకి ఘాట్ రోడ్డు ప్రయాణం కూడా డాక్టర్‌ను అడిగాకే. బుడగ పోయినా మొదటి నెలల్లో చెకప్‌లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి, ఆపరేషన్‌కు ముందే ప్రయాణాల సంగతి చెప్పి డేట్ తీసుకోండి.

## తర్వాతి నెలలు, ఏళ్లు

చూపు ఎప్పటికి వస్తుంది? అద్దాలు అక్కర్లేదుగా?

డీమెక్‌లో ఒకటి నుంచి మూడు నెలల్లో, డీసెక్‌లో సుమారు మూడు నుంచి ఆరు నెలల్లో చూపు కుదుటపడుతుంది. పూర్తి మందం మార్పిడిలో ఏడాది దాటడం మామూలే. అద్దాలు చాలామందికి, కనీసం దగ్గర చూపుకైనా, కావాలి. పవర్ నిలకడగా ఉందన్నాకే చేయించుకోండి, తొందరపడితే ఆ డబ్బు వృథా.

చూపు బాగుంది, నొప్పి లేదు. చుక్కలు ఆపేశాను. తప్పా?

తప్పే. ఇవాళే డాక్టర్‌కు చెప్పండి. బాగున్న కళ్లను పోగొట్టుకునే దారుల్లో మేం ఎక్కువగా చూసేది ఇదే. ఆ పొర ఎన్నేళ్లయినా మీ శరీరానికి పరాయిదే. స్టెరాయిడ్ చుక్కలు శరీరం దాని మీద తిరగబడకుండా కాపాడతాయి. అమెరికాలోని ఒక కేంద్రం 2012లో ప్రచురించిన లెక్కల ప్రకారం రెండేళ్లలో రిజెక్షన్ వచ్చింది డీమెక్‌లో సుమారు 1 శాతం మందికి, డీసెక్‌లో 12 శాతానికి, పూర్తి మందం మార్పిడిలో 18 శాతానికి. డీమెక్‌లో అంత తక్కువ రావడం చుక్కలు సరిగ్గా వేసుకున్నవాళ్ల సంగతి.

చుక్కలను డాక్టర్లు నెలల మీద మెల్లగా తగ్గిస్తారు, చాలామందికి రోజుకొక్కటి ఏళ్ల తరబడి ఉంచుతారు. స్టెరాయిడ్ వల్ల కొందరికి కంటి ప్రెషర్ పెరుగుతుంది, అది నొప్పి లేకుండానే నరాన్ని తినేస్తుంది. అందుకని సొంతంగా ఆపడమే కాదు, చెకప్‌కు వెళ్లకుండా మెడికల్ షాపులో అదే సీసా కొని వేసుకుంటూ ఉండటం కూడా ప్రమాదమే.

రిజెక్షన్ వచ్చిందని ఎలా తెలుస్తుంది?

కన్ను ఎర్రబడటం, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, నొప్పి. వీటిలో ఏ ఒక్కటి వచ్చినా అదే రోజు కార్నియా డాక్టర్ దగ్గర ఉండాలి. కళ్లకలక అనుకుని రెండు రోజులు ఆగొద్దు. త్వరగా పట్టుకుంటే చుక్కల మోతాదు పెంచి చాలా పొరలను కాపాడతారు. కొందరికి ఏ లక్షణమూ లేకుండానే మొదలవుతుంది, చెకప్‌లోనే బయటపడుతుంది.

వేసిన పొర జీవితాంతం ఉంటుందా? పోతే మళ్లీ వేస్తారా?

పదేళ్లు దాటి పనిచేసే పొరలు చాలా ఉన్నాయి. కణాలు మాత్రం ఏటా కొన్ని తగ్గుతూనే ఉంటాయి. నీటికాసుల ఆపరేషన్ అయిన కళ్లలో ఇంకా త్వరగా తగ్గుతాయి. పాతది పనిచేయడం మానేస్తే దాన్ని తీసి కొత్తది వేయొచ్చు.

జపాన్‌లో ఇంజెక్షన్‌తోనే నయం చేస్తున్నారట. అది వచ్చేదాకా ఆగుదామా?

వార్త నిజమే. క్యోటోలో షిగెరు కినోషిటా బృందం దాత కణాలను ల్యాబ్‌లో పెంచి కంట్లోకి ఇంజెక్ట్ చేసి, 2018లో ఫలితాలు ప్రచురించింది. 2023లో జపాన్ ఆ చికిత్సకు అనుమతి ఇచ్చింది. ఒక దాత కణాలు ఎంతోమందికి సరిపోతాయి కాబట్టి మనలాంటి దేశానికి అది పెద్ద ఆశే. కానీ పొక్కులు లేచి నొప్పితో ఉన్న కన్నుకు ఆగే వ్యవధి లేదు. ఈలోగా మచ్చ పడితే ఆ ఇంజెక్షన్ కూడా పనిచేయదు. పొద్దుటి మసక తప్ప ఇబ్బంది లేనివాళ్లు డాక్టర్‌తో మాట్లాడి, చెకప్‌లు మానకుండా వేచి చూడొచ్చు.

నాకు ఫక్స్ డిస్ట్రోఫీ అన్నారు. నా పిల్లలకూ వస్తుందా?

రావొచ్చు. ఇది చాలా కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంది, ఆడవాళ్లలో ఎక్కువ. అందరికీ ఆపరేషన్ దాకా రాదు. 40 దాటిన పిల్లలు, తోబుట్టువులు ఒకసారి కార్నియా పరీక్ష చేయించుకుంటే చాలు, భయపడక్కర్లేదు. వాళ్లలో ఎవరికైనా శుక్లం ఆపరేషన్ చేయాల్సి వస్తే మాత్రం "మా అమ్మకు ఫక్స్ ఉంది, ముందు నా కణాల లెక్క చూడండి" అని ఆ డాక్టర్‌కు వాళ్లే చెప్పాలి.